మాటలు రాని పిల్లలకు బొమ్మల పుస్తకం: మాటల జాబితా నుంచి రోజువారీ వాడకం దాకా నా అనుభవం

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉండి మాటలు రాని పిల్లలకు, బొమ్మ కార్డులతో తమ మాట చెప్పుకునే బొమ్మల పుస్తకాలు తయారు చేయించి, వాటిని ఇంట్లో వాడటం నేర్పడం నా పని. ఏ ఇంట్లో కూర్చున్నా మొదట వినపడేది ఒకే మాట: "బొమ్మలు అలవాటైతే ఇక మాటలు రావేమోనండీ." దీనికి జవాబు ముందే చెప్పేస్తాను. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు, సైగల లాంటి పద్ధతుల మీద అంతకు ముందు జరిగిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో 89 శాతం మందికి మాటలు పెరిగాయి, మిగిలినవాళ్లలో మార్పు లేదు, తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. నానమ్మ, తాతయ్యలతో సహా ఇంటిల్లిపాదీ ఈ సంగతి విన్నాకే కత్తెర పడతాను. వాళ్లకు నమ్మకం కుదరకపోతే పుస్తకం ఎంత బాగా వచ్చినా బీరువా మీదికి ఎక్కుతుంది.

నేను చేయించేదాంట్లో మూడు పద్ధతులు కలిసి ఉంటాయి. బొమ్మ చేతికిచ్చి వస్తువు తీసుకోవడాన్ని పెక్స్ అంటారు. అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో దీన్ని రూపొందించారు. రోజంతా ఏమేం జరుగుతుందో బొమ్మల వరసలో పెట్టి చూపడం అదే దేశంలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం 1972లో మొదలైన టీచ్ కార్యక్రమం నుంచి వచ్చింది. మనం మాట్లాడుతూ మాట్లాడుతూ పట్టిక మీద బొమ్మలను వేలితో చూపించడం మూడోది. వీటిని కలపొద్దనేవాళ్లూ ఉన్నారు. పిల్లలు బొమ్మ ఇచ్చి అడిగే వేళను, మనం బొమ్మలు చూపిస్తూ మాట్లాడే వేళను వేరుగా ఉంచితే నాకైతే ఇబ్బంది కనపడలేదు.

ఏ మాటలు పెట్టాలి

మాటల జాబితా తల్లితో కూర్చుని రాస్తాను. "బాబుకు ఏమిష్టం?" అని అడిగితే నాలుగైదు తిండి పేర్లు చెప్పి ఆగిపోతారు. అందుకని వేరేగా అడుగుతాను. పొద్దున లేచింది మొదలు మీ చెయ్యి పట్టుకుని ఎక్కడెక్కడికి లాక్కెళ్తాడు? ఏ డబ్బా తెచ్చి ఒళ్లో పెడతాడు? ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు? ఏం జరిగినప్పుడు చెయ్యి కొరుక్కుంటాడు? ప్రతి జవాబు వెనకా ఒక మాట ఉంటుంది. పొయ్యి దగ్గరికి లాగితే "దోసె", గేటు దగ్గరికి లాగితే "బయటికి", మిక్సీ వేయగానే పరిగెత్తితే "ఆపు". ఇలా అడుగుతూ పోతే ముప్పై నలభై మాటలు సులువుగా వస్తాయి.

పుస్తకం నిండా తిండి బొమ్మలే ఉండటం చాలా చోట్ల చూస్తాను. కడుపు నిండగానే ఆ పుస్తకంతో పని అయిపోతుంది. "ఇంకా", "వద్దు", "ఆపు", "అయిపోయింది", "మళ్లీ", "సాయం", "నొప్పి", "వెళ్దాం", "చూడు", "తెరువు" లాంటివి ఏ చోటైనా, ఏ వేళైనా పనికొచ్చే మాటలు. మొదటి రోజు నుంచే ఇవి ఉండాలి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ కోర్ వాళ్లు ఇలాంటివే 36 మాటలు ఎంచి పట్టిక చేశారు. అది ఇంగ్లీషు నడకకు సరిపోయే పట్టిక, దాన్ని తెలుగులోకి మార్చి వాడితే మన వాక్యానికి అతకదు. నేను 20 గళ్లతో మొదలుపెడతాను.

"వద్దు" కార్డు పెట్టడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు, అన్నిటికీ వద్దంటాడని. మొదట్లో అంటాడు కూడా. అననివ్వాలి. పెరుగన్నం వద్దంటే ఆ పూటకు తీసేయండి. మందు, స్నానం లాంటి తప్పనిసరి పనులకు వద్దన్నప్పుడు మీరూ అదే కార్డు మీద వేలు పెట్టి, "వద్దంటున్నావు, తెలిసింది నాన్నా. మందు వేసుకుని ఊయల ఊగుదాం" అని చెప్పండి. చెప్పింది అవతలివాళ్లకు చేరిందని తెలిస్తేనే కొరకడం, రక్కడం తగ్గుతాయి. ఆ కార్డు లేని పిల్లవాడికి కాదనడానికి పళ్లూ గోళ్లే మిగులుతాయి.

శరీర భాగాల పేజీ కూడా మొదటి జాబితాలోనే ఉండాలి. తల, చెవి, పన్ను, కడుపు, కాలు, వాటి పక్కన "నొప్పి". మర్మాంగాలను కూడా తప్పకుండా చేర్చండి, ఇంట్లో వాటిని ఏమంటారో ఆ పేరుతోనే. "నన్ను ముట్టుకోవద్దు", "అమ్మకు చెప్పాలి" అనే రెండు కార్డులు అదే పేజీలో ఉండాలి. మాట రాని పిల్లలకు ఎవరైనా హాని చేస్తే అది చెప్పుకునే దారి ఇదొక్కటే. ఈ పేజీ విషయంలో మొహమాటానికి నేను ఒప్పుకోను.

పేర్లు ఇంటి భాషలో ఉండాలి. ఒక ఇంట్లో బంగాళదుంప, ఇంకో ఇంట్లో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. కొందరు పల్లీలంటారు, కొందరు వేరుశనగ గుళ్లంటారు. "భోజనం" అని అచ్చేసి ఇంట్లో "బువ్వ తిందువు రా" అని పిలిస్తే చెవికి వినపడేదీ కంటికి కనపడేదీ వేరైపోతాయి. క్రియలు కూడా నోటి మాట లాగే రాయండి: "తెరవడం" కాకుండా "తెరువు", "వెళ్లుట" కాకుండా "వెళ్దాం".

ఫొటోలు, గీత బొమ్మలు, అక్షరాలు

వస్తువులకు ఫొటోలు, పనులకు గీత బొమ్మలు వాడతాను. గీత బొమ్మలకు ఆరాసాక్ మంచి వనరు. స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వానిది. సెర్హియో పలావో గీసిన వేల బొమ్మలు వ్యాపారేతర వాడకానికి ఉచితం, గీసినవాళ్ల పేరు వేయాలి. "ఇవ్వు", "ఆపు", "ఇంకా" లాంటి వాటికి బొమ్మలు అక్కడ బాగుంటాయి. తిండి, స్నానం, మరుగుదొడ్డి బొమ్మలు మాత్రం అక్కడివి తీసుకోవద్దు. కమోడ్ బొమ్మ చూపించి ఇండియన్ లెట్రిన్ దగ్గరికి తీసుకెళ్తే పిల్లవాడికి ఆ రెండింటికీ సంబంధం తెలియదు. మీ ఇంటి బాత్‌రూమే, మీ బకెట్టే, మీ మగ్గే ఫొటో తీయండి.

ఫొటో తీసేటప్పుడు తెల్ల చార్టు పేపరు గోడకు ఆనించి, నేల మీదికి వంపుగా దించి, దాని మీద ఒక్క వస్తువే పెట్టండి. కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు, ఫ్లాష్ వేస్తే స్టీలు గిన్నె మీద తెల్ల మచ్చ పడి అదే కంటికి కనపడుతుంది. చట్రంలో ముప్పావు వంతు వస్తువే ఉండాలి. అన్నం ఫొటో రోజూ తినే కంచంలోనే తీయండి. బిస్కెట్ కొందరు పిల్లలకు విడిగా కన్నా ప్యాకెట్ రంగుతోనే గుర్తుంటుంది, వాళ్లకు ఖాళీ రేపర్నే కత్తిరించి కార్డు చేస్తాను. ఫొటో కూడా పట్టించుకోని పిల్లలకు వస్తువు ముక్కతోనే మొదలు: ఊయలకు తాడు ముక్క, స్నానానికి సబ్బు పెట్టె మూత, బయటికి వెళ్లడానికి పాత చెప్పు పట్టీ, ఒక్కొక్కటీ అట్ట మీద అంటించి.

చూపు తక్కువున్న పిల్లలకు నల్ల కార్డు మీద ఒక్క పసుపు లేదా ఎర్ర వస్తువు ఉంటే తేలిగ్గా దొరుకుతుంది. వెనక ఇంకేమీ ఉండకూడదు, పేజీకి ఒకటి రెండు చాలు.

అక్షరాలు బొమ్మకు పైన వేయండి. కింద వేస్తే వేలు పెట్టినప్పుడు మాట కనపడదు. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు 16 నుంచి 18 సైజులో స్పష్టంగా వస్తాయి. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే ఎక్కువ. యూనికోడ్‌లో (ఫోన్లో మామూలుగా వచ్చే అక్షరాలతో) టైపు చేసిన ఫైలు అక్కడి పాత పేజ్‌మేకర్‌లో తెరిస్తే డబ్బాలు వస్తాయి, లేదా వత్తులు విడిపోయి "అన్నం" కాస్తా "అన్‌నం" అవుతుంది. ఫోన్లోనో కంప్యూటర్లోనో పేజీ పూర్తిగా తయారు చేసి పీడీఎఫ్‌గా మార్చి, వాళ్లకు ప్రింటు మాత్రమే ఇవ్వమనండి. ఇంక్‌జెట్ రంగు తడికి కారిపోతుంది, జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటు తీయించడం మేలు. కాగితం మందం 200 జీఎస్ఎం ఉంటే కార్డు చేతిలో నిలబడుతుంది.

కత్తెర, ల్యామినేషన్, వెల్క్రో

కార్డు కొలత 5 సెంటీమీటర్లు పొడవు, 5 వెడల్పు. పెద్ద వేళ్లకు, చేతులు వణికే పిల్లలకు 7 లేదా 8 సెంటీమీటర్లు. ముందు కత్తిరించి, తర్వాత ల్యామినేషన్. ఎ4 పౌచ్‌లో అడ్డంగా 3, నిలువుగా 5, మొత్తం 15 కార్డులు పరిచి మధ్య ఒక సెంటీమీటరు దాకా ఖాళీ వదలండి. పౌచ్ 125 మైక్రాన్లది. బయటికి వచ్చాక ఒక్కో కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు మిగిలేలా కత్తిరించండి. ల్యామినేషన్ అయ్యాక కాగితం అంచు వెంబడి కత్తిరిస్తే రెండు పొరలనూ పట్టి ఉంచేది ఏమీ ఉండదు. చొంగ, చెమట లోపలికి పోయి వారం తిరిగేసరికి ఉబ్బుతుంది. మూలలు గుండ్రంగా కత్తిరించడం మరచిపోకండి, ల్యామినేటెడ్ మూల కంటికి తగిలితే గీసుకుపోతుంది.

వెల్క్రోలో గరుకు పట్టీ ఒకటి, మెత్తటిది ఒకటి. కార్డుకు ఏది, పుస్తకానికి ఏది అన్నది ఇల్లు, బడి, థెరపీ చోటు మాట్లాడుకుని ఒకటే పెట్టుకోవాలి. లేకపోతే బడి కార్డు ఇంటి పుస్తకానికి అంటుకోదు. నేను కార్డుకు మెత్తటిది పెడతాను, పిల్లల వేళ్లకు తగిలేది అదే కాబట్టి. కార్డు వెనక 2 సెంటీమీటర్ల ముక్క ఒక్కటి చాలు. ఎక్కువ అంటిస్తే బలం లేని చెయ్యి లాగలేదు.

జిగురు ఉన్న వెల్క్రో మే నెల ఎండకు జారిపోతుంది. టైలరింగ్ సామాన్ల కొట్టులో మీటరు లెక్కన అమ్మే మామూలు వెల్క్రో తీసుకుని, ల్యామినేషన్ మీద గరుకు కాగితంతో కాస్త రుద్ది, ఫెవిబాండ్ జిగురు రెండు వైపులా పలచగా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి నొక్కితే ఊడదు. వెల్క్రో లాగినప్పటి చప్పుడు భరించలేని పిల్లలూ ఉంటారు. వాళ్లకు కార్డు వెనక మ్యాగ్నెట్ షీటు అంటించి ఇనప బీరువా తలుపునే పట్టికగా వాడుకోవచ్చు. గుండీ అయస్కాంతాలు మాత్రం వద్దు. మింగితే పేగులకు ప్రమాదం.

పుస్తకానికి ఎ5 రింగ్ ఫైలు తీసుకుని, పేజీకి మూడు వరసల వెల్క్రో, అట్ట మీద కింది వైపు వాక్యం పెట్టే పట్టీ. భుజానికి తగిలించుకునే పట్టా తప్పనిసరి. ఇష్టమైన ప్రతి కార్డూ మూడేసి కాపీలు తీయించండి, మంచం కిందికి పోయేవి ఎప్పుడూ అవే. బస్సు ప్రయాణానికి ఆరేడు కార్డులు కీచైన్‌కి గుచ్చి అమ్మ బ్యాగుకు వేలాడదీస్తే చాలు. పిల్లవాడి మెడలో వేస్తే లాగగానే ఊడిపోయే క్లిప్పున్న తాడు వాడండి.

చేతికి ఇవ్వడం నేర్పడం

పెక్స్ మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఇష్టమైన వస్తువు పట్టుకుని ఒకరు ఎదురుగా, ఇంకొకరు పిల్లవాడి వెనక. మధ్యలో ఒకే ఒక కార్డు. ఎదురుగా ఉన్నవాళ్లు ఏమీ అడగకూడదు. "ఏం కావాలి?" అనకూడదు, "కార్డు ఇవ్వు" అనకూడదు, చెయ్యి ముందే చాచకూడదు. పిల్లవాడు వస్తువు కోసం చెయ్యి చాపగానే వెనక ఉన్నవాళ్లు ఆ చేతితో కార్డు తీయించి, ముందుకు సాగించి, ఎదుటివాళ్ల అరచేతిలో వదిలిస్తారు. కార్డు చేతిలో పడిన మరుక్షణం వస్తువు ఇచ్చి, దాని పేరు ఒక్కసారి చెప్పాలి: "మురుకు!" అంతే.

వెనక ఉన్నవాళ్ల సాయం చివరి నుంచి తగ్గుతూ రావాలి. ముందు వదలడం పిల్లవాడికే వదిలేయండి. అది కుదిరాక చెయ్యి సాగించడం. చివరగా తీయడం. వెనక కూర్చున్నవాళ్లు నోరు తెరవకూడదు. మన ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. నానమ్మ వెనక కూర్చుంటే "ఇయ్యి నాన్నా, అమ్మకియ్యి, బంగారుకొండవి కదూ" అని ప్రేమకొద్దీ అంటూనే ఉంటారు. పిల్లవాడు ఆ మాట వినపడితేనే కార్డు తీస్తాడు, ఆవిడ లేని రోజున కార్డు ముట్టుకోడు. ఎదుటివాళ్లు అరచెయ్యి ముందే చాచడం వల్లా ఇలాగే అవుతుంది, చెయ్యి కనపడేదాకా కదలడు. మాట్లాడకుండా ఉండలేని వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, మామయ్యనో అక్కనో వెనక కూర్చోబెట్టడం నేను పాటించే ఉపాయం. వస్తువు ఇచ్చాక పేరు చెప్పే పని ఎదుటివాళ్లదే కాబట్టి వాళ్లకూ మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

ఇచ్చేది చిన్న ముక్క కావాలి. బిస్కెట్‌ను ఎనిమిది ముక్కలు చేయండి. సబ్బు బుడగలు ఒక్కసారి ఊది ఆపండి. పాట ఇరవై సెకన్లు వినిపించి ఆపండి. మొత్తం ప్యాకెట్ ఇస్తే ఆ పూటకు అడగాల్సిన అవసరమే తీరిపోతుంది. అన్నం తిన్న వెంటనే తిండితో నేర్పబోవడం దండగ, అప్పుడు ఊయలో, నీళ్లాటో, చక్కిలిగింతలో పనిచేస్తాయి.

రెండో దశలో దూరం పెంచుతారు. ఎదుటివాళ్లు ఒక అడుగు వెనక్కి, తర్వాత గది చివరికి, తర్వాత వంటింట్లోకి. పుస్తకం కూడా పిల్లవాడి ముందు నుంచి మెల్లగా దూరం జరగాలి. వీపు తిప్పుకుని ఉన్న అమ్మ భుజం తట్టి కార్డు ఇచ్చే స్థితికి వచ్చేదాకా ఇక్కడే ఉండండి. చాలామంది ఈ దశ దాటేస్తారు. అలా దాటేస్తే బల్ల దగ్గర కూర్చోబెట్టినప్పుడు తప్ప పుస్తకం గుర్తురాదు.

మూడో దశలో రెండు కార్డులు: ఒకటి ఇష్టమైన మురుకు, ఒకటి అక్కర్లేని సాక్సు. సాక్సు కార్డు ఇస్తే సాక్సే ఇవ్వాలి. మొహం చిట్లించగానే దిద్దే పని నాలుగు మెట్లలో: మురుకు కార్డు మీద తట్టి చూపించాలి, అది ఇచ్చేలా చేయించి మెచ్చుకోవాలి కానీ మురుకు ఇంకా ఇవ్వకూడదు, చప్పట్లు కొట్టమనో బంతి పట్టమనో ఇంకో చిన్న పని చేయించాలి, మళ్లీ మొదటి నుంచి అవకాశం ఇవ్వాలి. ఈసారి సరైన కార్డు ఇస్తే మురుకు. దిద్దగానే మురుకు ఇచ్చేస్తే "ముందు తప్పు, తర్వాత ఒప్పు, అప్పుడు మురుకు" అనే వరస నేర్చుకుంటాడు. రెండు కార్డుల్లో ఎప్పుడూ కుడి వైపుదే తీస్తుంటే కార్డుల చోటు మారుస్తూ, పైనా కిందా పెట్టి చూడండి. ఇష్టమైన రెండిటి మధ్య ఎంచుకోవడం వచ్చాక, కార్డు ఇచ్చినప్పుడు రెండు వస్తువులూ చూపి "తీసుకో" అనండి. ఇచ్చిన కార్డుకూ తీసుకోబోయే వస్తువుకూ పొంతన లేకపోతే చెయ్యి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

నాలుగో దశ వాక్యం. ఇంగ్లీషు పుస్తకాల్లో "కావాలి" అనే అర్థమిచ్చే కార్డు ఎడమ చివర అతికించి ఉంటుంది, వస్తువు దాని కుడి పక్కకు వస్తుంది. తెలుగు పుస్తకాల్లోనూ అలాగే అతికించేసి, చదివేటప్పుడు మాత్రం "మురుకు కావాలి" అంటుంటారు. వేలు ఒక వైపు, నోరు ఇంకో వైపు. మన పట్టీ మీద "కావాలి" కుడి చివర ఉండాలి, వస్తువు ఎడమన చేరాలి. రంగులు, పరిమాణాలు నేర్పే వేళకు "పెద్ద", "మురుకు", "కావాలి" అని ఎడమ నుంచి కుడికి మనం మాట్లాడే వరసలోనే కుదురుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. వస్తువు కార్డు కదపకుండా చివరి కార్డు ఒక్కటి మారిస్తే "మురుకు వద్దు", "మురుకు ఇంకా", "మురుకు అయిపోయింది" అన్నీ వచ్చేస్తాయి. "నాకు" కార్డు తొందరపడి పెట్టకండి. ఇంట్లో ఎవరూ ప్రతిసారీ "నాకు" అనరు.

పట్టీ చేతికి వచ్చాక ఒక్కో కార్డు మీదా వేలు పెట్టి చదవాలి, తర్వాత మళ్లీ మొదటి కార్డు దగ్గర వేలు ఉంచి నాలుగైదు సెకన్లు ఆగాలి. ఆ ఖాళీలోనే కొందరు పిల్లలు "ము..." అంటారు. అనకపోయినా వస్తువు ఇచ్చేయాలి. మాట అంటేనే ఇస్తానని పట్టుబట్టిన ఇళ్లలో పిల్లలు కార్డు తేవడం కూడా మానేస్తారు.

గోడ మీద పట్టిక, తలుపు పక్క దినచర్య

ఇరవై గళ్ల పట్టిక వంటింట్లో ఒకటి, హాల్లో ఒకటి, పిల్లవాడి కంటి ఎత్తున. సన్‌బోర్డు మీద మ్యాట్ వినైల్ వేయించండి. ఫ్లెక్స్ అయితే ట్యూబ్‌లైటు వెలుగుకు మెరిసి బొమ్మ కనపడదు. మనుషులు పసుపు, పనులు ఆకుపచ్చ, వస్తువులు నారింజ, గుణాలు నీలం, పలకరింపులు గులాబీ. ఎక్కువగా వాడే రంగుల వరస ఇది. ఎడమన మనుషులు, మధ్యలో వస్తువులు, కుడిన పనులు ఉంటే తెలుగు వాక్యం చేతికి అలవాటవుతుంది. ఒకసారి పెట్టిన మాట చోటు మారకూడదు. పిల్లలు బొమ్మ చూసే కాదు, చెయ్యి వెళ్లే దారిని బట్టి కూడా గుర్తుంచుకుంటారు. ముందు ముందు మాటలు చేరతాయి కాబట్టి ఖాళీ గళ్లు వదిలే వేయించండి.

దీన్ని ముందుగా వాడాల్సింది పెద్దవాళ్లు. "పాలు అయిపోయాయి" అంటూ "పాలు", "అయిపోయింది" మీద వేలు పెట్టండి. తిరిగి చూపించమని అడగకండి. "పాలు ఏది? చూపించు, చూపించు" అని పరీక్ష పెడితే పట్టిక దగ్గరికే రారు.

దినచర్య పట్టీ నిలువుగా, మూడు నాలుగు బొమ్మలతో మొదలు. పిల్లవాడు పై కార్డు తీసుకుని ఆ పని దగ్గరికి వెళ్తాడు, అయ్యాక తెచ్చి "అయిపోయింది" డబ్బాలో వేస్తాడు. కరెంటు పోవడం, బంద్ వల్ల బడి లేకపోవడం, చుట్టాలు దిగడం లాంటి వాటికి "మార్పు" అనే నారింజ కార్డు ఒకటి కావాలి. దాన్ని మంచి మార్పులతో నేర్పండి: చదువు కార్డు తీసేసి, "మార్పు" పెట్టి, పక్కన ఐస్‌క్రీమ్. ఎప్పుడూ చెడు కబురుకే వాడితే ఆ రంగు చూడగానే ఏడుపు మొదలవుతుంది. పట్టీ కూడా పెద్దదనిపించే పిల్లలకు "ముందు–తర్వాత" అనే రెండు గళ్ల పలక చాలు. "ముందు స్నానం, తర్వాత ఊయల" అన్నాక ఊయల తప్పకూడదు. రెండుసార్లు తప్పితే ఆ పలకను నమ్మరు.

చేతులు సాగని పిల్లలకు

సెరిబ్రల్ పాల్సీ వల్ల చెయ్యి ముందుకు రాని పిల్లలకు చూపుతో చెప్పే చట్రం చేయిస్తాను. 3 మిల్లీమీటర్ల మందం పారదర్శక యాక్రిలిక్ షీటు, 60 సెంటీమీటర్లు వెడల్పు, 45 ఎత్తు, మధ్యలో ముఖం కనపడేంత కిటికీ. నాలుగు మూలలా నాలుగు బొమ్మలు, వాటి వెనక మీకు కనపడేలా అవే బొమ్మలు. పిల్లవాడికి అర మీటరు దూరంలో, కంటి ఎత్తున పట్టుకోండి. బొమ్మను చూసి, తర్వాత మీ కళ్లలోకి చూస్తే అది ఎంపిక. పది సెకన్లైనా ఆగాలి, కంటి కండరాలు కూడా ఆలస్యంగా కదులుతాయి. గది కిటికీ మీ వెనక ఉంటే వెలుగు కళ్లలో కొడుతుంది, పక్కకు వచ్చేలా కూర్చోండి. తల నిలవకపోతే ముందు కూర్చునే తీరు సరిచేయించాలి, మెడ వంగి ఉంటే పై బొమ్మలు కనపడవు. అదీ కుదరకపోతే బొమ్మలు ఒక్కొక్కటే మీరు చదువుతూ పోండి, "అవును"కు రెప్ప వేయడమో, శబ్దం చేయడమో గుర్తు పెట్టుకోవచ్చు.

ఫోన్‌లో వాడుకోవడానికి చెన్నైలో తయారైన అవాజ్, ఐఐటీ బాంబేలో రూపొందిన జెల్లో లాంటి ఆప్‌లు ఉన్నాయి. బొమ్మ నొక్కితే మాట పలుకుతుంది కాబట్టి పక్క గదిలో ఉన్నవాళ్లకూ వినపడుతుంది. ఆ ఫోన్లో యూట్యూబ్ ఉంటే మాత్రం అది మాట్లాడే సాధనంగా నిలవదు. విడిగా ఒక పాత ట్యాబ్ కేటాయించండి. కాగితం పుస్తకం అప్పుడూ ఉండాలి, ఛార్జింగ్ అయిపోతుంది, ఎండలో తెర కనపడదు.

బడికి పంపేటప్పుడు

పుస్తకం పిల్లవాడి సంచిలో ఉండిపోవడం, లేదా "అల్లరి చేశాడని తీసి పెట్టాం" అనడం బడుల్లో తరచూ ఎదురయ్యే సమస్య. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 2(ఎఫ్)లో సంభాషణ అంటే ఏమిటో చెబుతూ ప్రత్యామ్నాయ పద్ధతులను కూడా చేర్చింది. ఆ మాట రాతపూర్వకంగా ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఉండే ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) చేత కూడా చెప్పించండి. శిక్షగా పుస్తకం తీసేయకూడదని స్పష్టంగా రాయండి.

పుస్తకం లోపలి అట్ట మీద ఒక చీటీ అతికిస్తాను. అందులో నాలుగు వాక్యాలు: ఇది నా గొంతు, ఎప్పుడూ నా చేతికి అందేలా ఉంచండి. కార్డు ఇస్తే చదివి జవాబివ్వండి. అడిగింది ఇప్పుడు కుదరకపోతే "తర్వాత" కార్డు చూపించండి. నాకు పది సెకన్లు టైమివ్వండి. బడిలో అవసరమయ్యే మాటలు, అంటే "ఒంటేలు", "బెల్లు", "సార్", "టీచర్", "మధ్యాహ్న భోజనం", "నన్ను కొట్టాడు", వేరే పేజీలో ముందే చేర్చి పంపండి. తరగతి మారిన ప్రతి జూన్‌లో కొత్త టీచరుతో, కొత్త ఆయాతో ఫొటోలు దిగి ఆ పేజీ మార్చాలి. పాత టీచరు ఫొటో కూడా తీసేయకుండా "మనుషులు" పేజీ చివర ఉంచండి, ఆవిడ గురించి అడగాలనిపించవచ్చు.